సగం బాప్తిస్మం

మొన్న మదనపల్లెలో బస్సు దిగి సందులో నడుస్తుంటే పట్టుగూళ్లు ఉడికే వాసన ముక్కుకు తగిలింది. కొత్తవాళ్లు కొంగు అడ్డం పెట్టుకునే ఆ కంపు నాకు మా తాత వాసన. పుంగనూరు నుంచి బతుకుదెరువుకని వచ్చి, ఏళ్ల తరబడి దారం తీసే షెడ్డులో మరిగే నీళ్లలో చేతులు పెట్టి పెట్టి, ఆయన వేళ్ల కొసలు ఎప్పుడూ తెల్లగా నాని, ముడతలు పడి ఉండేవి.

మా అవ్వ మిషన్ ఆసుపత్రిలో ఆయా. అక్కడే బాప్తిస్మం తీసుకుంది. తాత మాత్రం "నాకు యాల మే అదంతా" అని నవ్వి తప్పించుకునేవాడు. ఆదివారం అవ్వ తెల్లచీర కట్టుకుని నన్ను వెంటబెట్టుకుని చర్చికి బయలుదేరితే, ఆమె బైబిలు సంచి తాత మోసుకుంటూ గేటు దాకా వచ్చి, ఆరాధన ముగిసేవరకు బయటే బీడీ కాల్చుకుంటూ కూర్చునేవాడు. డిసెంబరు చలిలో కజ్జికాయలకు పిండి పిసికేది ఆయనే, తెల్లవారకముందే పాటలు పాడుతూ వచ్చేవాళ్లకు కాఫీ కాచేది ఆయనే. ఈ ఇంట్లో అసలైన కిరస్తానీ నువ్వేనప్పా అని పక్కింటివాళ్లు ఎగతాళి చేసేవాళ్లు.

ఆసుపత్రి ఆవరణలో ఖాళీ ఇంజెక్షన్ సీసాలు దొర్లించుకుంటూ ఆడుకునే మేం, గంట కొట్టగానే చేతులు గౌనుకు తుడుచుకుని సండే స్కూలుకు పరుగెత్తేవాళ్లం. ఒకరోజు టీచరమ్మ గోడకు ఒక పటం తగిలించింది. మంటలు, మంటల్లోంచి పైకి చాపిన చేతులు. బాప్తిస్మం లేనివాళ్లంతా అక్కడికే పోతారని చెప్పింది. ఎన్నాళ్లుంటారు టీచర్ అని అడిగాను. ఎన్నాళ్లని ఉండదు, ఎప్పటికీ, అంది.

అన్నం తినకుండా షెడ్డుకు పరుగెత్తాను. "తాతా, నువ్వు నరకానికి పోతావంట!"

తాత ఒక గూడు తీసి నా చెవి దగ్గర ఊపాడు. లోపల ఎండిన పురుగు గలగలమంది. "సూడు పాపా. దీన్ని ముందు ఆవిరి పట్టి సంపేస్తాం. సచ్చినాకే ఉడకేస్తాం. సావనీకుండా ఎప్పుటికీ ఉడకేసేవోడు యాడన్నా ఉంటాడా? నాకే మనసు రాదే, ఇంగ దేవునికొస్తాదా?"

నాకు ధైర్యం రాలేదు సరికదా, దేవుణ్ణి అంతమాట అన్నాడే అని భయం రెండింతలైంది.

ఆ వానాకాలమే ఊపిరితిత్తులు చెడి, అవ్వ పనిచేసే వార్డులోనే తాత మంచం పట్టాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఒక మధ్యాహ్నం అవ్వ గంజి తేవడానికి వెళ్లినప్పుడు, కళ్లు మూసుకుని రొప్పుతున్న తాత పక్కన నేనొక్కదాన్నే ఉన్నాను. మా చర్చి అయ్యగారు మూడు పేర్లు చెప్పి మూడుసార్లు నెత్తిన నీళ్లు చల్లడం ఎన్నోసార్లు చూశాను. గ్లాసులో వేళ్లు ముంచి, "తండ్రి యొక్కయు" అని ఒకసారి చల్లాను. "కుమారుని యొక్కయు" అని రెండోసారి చల్లాను. ఇంతలో నర్సమ్మ బండి తోసుకుంటూ లోపలికొచ్చింది. గ్లాసు మంచం కింద పెట్టేసి పారిపోయాను. పరిశుద్ధాత్మ పేరు నా నోట్లోనే ఉండిపోయింది. సాయంత్రానికి తాత పోయాడు.

బాప్తిస్మం లేనివాడని సమాధుల తోట గోడకు అవతల పూడ్చారు. అవ్వ అయ్యగారిని పట్టుకుని, "మా ఆయన ఇప్పుడు యాడుండాడయ్యా?" అని అడిగింది. అయ్యగారు చెడ్డవాడేం కాదు. తలదించుకుని, "వాక్యం ఏం చెబుతుందో నీకు తెలుసు కదమ్మా" అన్నాడు.

ఆ తర్వాత అవ్వ చర్చి మానలేదు గానీ, ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకోవడం మానేసింది. ఎందుకని ఇంట్లో అడిగితే, "ఆయన్ని కాల్చే సేత్తో ఇచ్చే రొట్టె నాకు గొంతు దిగదు" అంది ఒకే ఒకసారి. ఇరవై ఏళ్లు అలాగే గడిపింది. నేను నోరు విప్పలేదు. చిన్నప్పుడు సగం బాప్తిస్మం ఇంకా పెద్ద పాపమేమోనని భయం, పెద్దయ్యాక ఇన్నాళ్లు దాచానే అని సిగ్గు.

చివరికి కుప్పంలో, నా ఉద్యోగం ఊళ్లో, నా ఇంట్లోనే ఆమె మంచం పట్టింది. అక్కడి అయ్యగారు రొట్టె తెస్తే పెదాలు బిగించుకుంది. అప్పుడు ఆమె చెవి దగ్గర కూర్చుని ఆ మధ్యాహ్నం సంగతి చెప్పాను. అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"మూడు పేర్లూ సెప్పినావా?"

"సెప్పినా అవ్వా."

"నిండా?"

"నిండా సెప్పినా."

కన్నీళ్లు చెవుల్లోకి కారుతుండగా అవ్వ రొట్టెకు నోరు తెరిచింది. మూడో రోజు పోయింది.

ఇప్పుడు మా మదనపల్లె చర్చిలో నరకం మాట ఎత్తేవాళ్లే లేరు. అయ్యగారు ఉద్యోగాల కోసం, ఆరోగ్యం కోసం ప్రార్థన చేస్తారు. పిల్లల గదిలో ఆ పటం లేదు, టీవీలో బొమ్మలు వేస్తారు. ఎప్పుడు తీసేశారో, ఎందుకు తీసేశారో ఎవరూ చెప్పలేదు. తీసేసేవాళ్లు మా అవ్వకు ఒక్కమాట చెప్పి తీసేయాల్సింది. తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

అబద్ధమాడేవాళ్లకూ ఆ మంటల్లోనే చోటని టీచరమ్మ చెప్పేది. పటం పోయినా నాకు భయం పోలేదు. రోజూ మోకాళ్లూని చేసిన తప్పులన్నీ పేరుపేరునా ఒప్పుకుంటాను. అవ్వతో ఆడిన అబద్ధాన్ని మాత్రం ఒప్పుకోలేదు, ఒప్పుకోను.