బావ తిరిగి పెట్టిన మొయి

ఇందులో ప్రతి అక్షరమూ నిజం. కావాలంటే మా తాత పెంచిన తెల్లకుక్క మీద ప్రమాణం చేస్తాను. చిరుతను కొండ దాకా తరిమి, దాని నోట్లోని మేకను బతికుండగా వెనక్కి తెచ్చిన కుక్క అది.

మా అక్క మొగుడికి తమిళనాడు సత్రపట్టిలో మగ్గాలున్నాయి. ఆసుపత్రులకు గాయాల కట్టుగుడ్డ నేయిస్తాడు. గుడ్డకు వంక లేదు గానీ, నెట్‌లో వెతికితే ఆయన వెబ్‌సైటు ఎక్కడో అడుగున ఉండేది. ఒక ఆసుపత్రిలో సరుకులు కొనే ఆమె అంత అడుగుకూ దిగి పట్టుకుంది, పెద్ద ఆర్డరిస్తానంది. అది వస్తేనే మగ్గాలు ఆడతాయి.

అప్పుడే లింకుల బ్రోకరు దిగాడు.

"అన్నా, వేరేవాళ్ల సైట్లలో 'మంచి కట్టుగుడ్డ' అని రాపిస్తాను. ఆ మాట నొక్కితే నేరుగా నీ కడకే వస్తారు. అట్ల పదిమంది చూపిస్తే నువ్వు పైకెక్కుతావు" అన్నాడు.

"వాళ్లు నా గుడ్డ చూసినారా?" అని అడిగాడు బావ.

"గుడ్డ ఎందుకన్నా చూడాల? డబ్బు చూస్తారు గదా!"

నాకు ఒళ్లు మండింది. నేనూ కథలు అల్లేవాణ్ణే. కానీ ఊరికే అల్లుతాను. వినేవాడికీ అది కథేనని తెలుసు. ముట్టుకోని గుడ్డను మెచ్చుకోవడానికి కూలి పుచ్చుకోవడమేమిటి? పుండుకు గుడ్డ వెతుక్కునేవాడు ఆ మెప్పును నమ్మాలా? అరిచాను. బావ వినకుండా డబ్బు కట్టాడు.

సైటు నిజంగానే పైకెక్కింది. బావ ఫోను పట్టుకుని వచ్చాడు.

"చూడు బామ్మర్దీ, ఎంతమంది మనకు లింకు పెట్టినారో!"

చూశాను. రమ్మీ ఆట సైటు, బట్టతల నూనె సైటు, వశీకరణం తాయెత్తుల సైటు. రమ్మీవాడు రాశాడు: "చేతిలో జోకరు పడితే ఎంత హాయో, మంచి కట్టుగుడ్డ దొరికితే అంత హాయి."

దాన్ని తిట్టడానికి నోరు తెరిచేలోగా బావ తన పేజీ చూపించాడు. గుడ్డ బొమ్మ కిందే 'మా మేలు కోరేవారు' అని పెట్టి, రమ్మీనీ, నూనెనూ, తాయెత్తునూ వరసగా ఎక్కించాడు. నొక్కితే వాళ్ల సైట్లే తెరుచుకుంటాయి.

మా వాళ్లలో మన ఇంటి పెళ్లికి మొయి డబ్బు చదివించినవాడికి, వాడింటి పెళ్లిలో తిరిగి చదివించకపోతే వీధిలో తలెత్తుకోలేం. బావ అదే చేశాడు.

"వాళ్లు మొయి పెట్టలేదు బావా! మీ కడ కూలి తీసుకున్నారు!"

"మొయి పెట్టేవాడు మటుకు ఊరికే పోతాడా? విందు తిని పోడూ?"

మర్నాడే ఆసుపత్రి ఆమె ఫోను చేసింది. "సార్, మీరు అమ్మేది కట్టుగుడ్డా, వశీకరణమా?" అని తమిళంలో అడిగి, ఆర్డరు వద్దంది.

నేను బ్రోకరు మీదికి పోయాను. "పెట్టినవన్నీ తీసెయ్!"

"తీసేదానికి వేరే రేటన్నా."

"మా తాత కుక్క ఉండుంటే నీ పిక్క ఉండేది కాదు రా!"

"కుక్కలకు సైటుందా అన్నా? దాంట్లోనూ ఒక లింకు పెడదాము."

ఇక నేనే ఆమెకు ఫోను చేసి, మొయి సంగతి మొదట్నుంచీ చెప్పాను. కడుపు పట్టుకుని నవ్వింది. "మా ఇంట్లోనూ అంతే సార్, పెట్టినవాళ్లకు పెట్టకుండా ఉండలేం" అంది. ఆర్డరు తిరిగి ఇచ్చింది. సాయంత్రానికి మగ్గాలు ఆడాయి.

ప్రమాణం చేశాను కాబట్టి ఒప్పుకుంటాను. కుక్క నిజం. రమ్మీ నిజం, తాయెత్తు నిజం, బావ తిరిగి పెట్టిన మొయి మరీ నిజం. ఆమె నవ్వు మాత్రం నేను అల్లింది. ఆమె ఫోనెత్తలేదు. మగ్గాలు ఆగే ఉన్నాయి. మా అక్కకు తెలుగు మాటే గానీ అక్షరం రాదు. ఇది నేనే చదివి వినిపించాలి. ఆగిన మగ్గాల పక్కన కూర్చున్న అక్క ముందు చదవడానికి ఆ నవ్వు కావాలి. ఈ చివరి ముక్క ఆమెకు చదవను.

అబద్ధమే. కానీ దానికి నేను ఎవరి దగ్గరా కూలి తీసుకోలేదు.