వినుకొండ అవతల ఒక పిలుపు కోసం

పోయిన వారం ఫోన్లో కోటయ్యగారు "రామ్మా" అన్నారు. అంతకు ముందు గట్టిగా వినపడిన మాటే, ఈసారి నోట్లో ముద్ద పెట్టుకుని అన్నట్టు వచ్చింది. ఆ రాత్రంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ఆయనకు మోటార్ న్యూరాన్ జబ్బు. కండరాలను కదిలించే నరాలు ఒక్కొక్కటిగా చచ్చిపోతాయి. చేతులు, కాళ్లు, మాట, మింగడం, చివరికి ఊపిరి. నయంచేసే మందు ఇంకా లేదు. మా అక్క దీంతోనే పోయింది, ఆమె గొంతు మా దగ్గర ఒక్క ముక్క కూడా లేదు. అందుకే ఇలాంటివాళ్ల గొంతులు రికార్డు చేసి పరిశోధకులకు పంపే పని నెత్తినేసుకున్నాను. మాట పడిపోయాక మనిషి సొంత గొంతుతోనే ఫోను తెలుగులో మాట్లాడేలా చేయాలని వాళ్ల ప్రయత్నం.

గుంటూరులో తెల్లవారగానే వినుకొండ బస్సెక్కాను. నరసరావుపేట మీదుగా రెండున్నర గంటలు అనుకోండి. నరసరావుపేటలో టీకి దిగిన డ్రైవరు ఎంతకీ కదలడే! "కాస్త తొందరగా పోనివ్వండి బాబూ" అంటే, "ఏందమ్మా, పెళ్లిచూపులకా?" అని నవ్వాడు. ఒళ్లు మండిపోయింది. దారి పొడవునా పత్తి తీసేసిన చేలు, కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు. ఆ ఘాటుకి బస్సంతా తుమ్ములే.

వినుకొండ నుంచి కోటయ్యగారి ఊరికి ఆటో రెండొందలు. ఎవరింటికో చెప్పగానే డ్రైవరు, "ఆ పచ్చవాతం ఆయనేగా? ఆకుపసరు తాగించమనండి, లేచి తిరుగుతాడు" అన్నాడు.

"పక్షవాతం కాదయ్యా బాబూ! పసరు పోస్తే గొంతుకి అడ్డం పడుద్ది. ఒళ్లే కదలదు, తెలివికేం కాలేదు. మీరనేవన్నీ ఆయనకి అర్థమవుతాయి."

అతను ఆటో వేగం తగ్గించాడు. "మరి మేం ఆయన ముందే ఏదేదో అనుకుంటన్నామండీ" అన్నాడు.

కోటయ్యగారు వసారాలో కుర్చీలో ఉన్నారు. భార్య సీతమ్మగారు మంచినీళ్లిచ్చి పక్కన కూర్చుంది. "దాహమేస్తోంది", "ఫ్యాను వెయ్యండి" లాంటి మాటలు ఆయన చేత ఒక్కొక్కటే చెప్పించాను. కాసేపటికే ఆయాసం వచ్చింది, మాట ముద్దగా మారిపోతోంది. నాకు కంగారు పుట్టింది. చివరగా మీ ఆవిడ పేరు చెప్పండి అన్నాను. సిగ్గుపడుతూ "సీతమ్మా" అన్నారు.

ఆవిడ ఉలిక్కిపడింది. "ఛీ, ఛీ! పరాయి మగాడెవడో పిలిచినట్టుంది! నలభై ఏళ్లలో ఒక్కనాడన్నా పేరెట్టి పిలిచాడా ఈయన? అది తీసెయ్యమ్మా. రోజూ పిలిచినట్టే పిలవమను."

"ఎలా పిలుస్తారు?"

"ఏమేవ్ అని! అవతలి చేనుకి వినపడేది."

ఆయన ఒక వేలు ఎత్తి చూపించారు, ఒక్కసారికే ఓపికుందని. ఎదురుగా ఉంటే పిలవబుద్ధి కాదన్నట్టు ఆవిడను లోపలికి పొమ్మని సైగ చేశారు. ఆవిడ పెరట్లోకి వెళ్లి అంట్ల ముందు కూర్చుంది. ఆయన ఊపిరి కూడదీసుకున్నారు.

"ఏమేవ్!"

అరిగిపోయినా అది కోటయ్యగారి గొంతే. వెంటనే పెరట్లోంచి "ఆ, వస్తన్నా!" అని వినపడింది. ఆవిడ తడి చేతులతో గబగబా వచ్చి, నా ఫోను చూసి గుమ్మంలో ఆగిపోయింది. పిలిచింది ఎందుకో అప్పుడు గుర్తొచ్చింది పాపం. నవ్వబోయి ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను.

రెండో గొంతు కలిస్తే రికార్డింగు పనికిరాదని పరిశోధకులు అంటారేమో. వాళ్లకు కత్తిరించి పంపుతాను. సీతమ్మగారి ఫోన్లో మాత్రం జవాబుతో సహా పెట్టి వచ్చాను. తిరుగు బస్సులోనూ మనసు కుదురుగా లేదు. జబ్బు పేరు తెలియక, పచ్చవాతమనుకుని పసర్ల వెంట తిరుగుతూ ఎన్ని ఇళ్లలో గొంతులు పోగొట్టుకుంటున్నారో అనిపిస్తే కోపమే వస్తోంది.

మీరూ ఇలా ఎవరి దగ్గరికైనా వెళ్తుంటే, గొంతులో ఓపికుండగా పొద్దున్నే వెళ్లండి, ఇంట్లోవాళ్లకి కావలసిన మాట ముందు అడగండి. నేను చివర అడిగాను. నేను బయల్దేరేముందు ఇంకొక్కసారి పిలవమని సీతమ్మగారు బతిమాలింది. ఆయన నోరు తెరిచారు, శబ్దం రాలేదు.