ఎడమ దిక్కున వదిలిన సందు

నేను గెలిచింది ఒక్కసారే. ఆ గెలుపును ఏళ్లుగా దొంగసొత్తులా దాచుకున్నాను. ఇక మోయలేను. నన్నెరుగని మీకైతే చెప్పగలననిపిస్తోంది.

మా మేనబావ చెడుగుడులో కూతకు వస్తే కట్టంగూరు చుట్టుపక్కల పట్టేవాడు లేడు. ఆయనది పక్క ఊరు. ప్రతి జాతరలో మా అన్న జట్టు ఆయన చేతిలో ఓడేది. ఆ ఏడు జాతర ముందర బావ మా గొర్రెల ఉన్ని కత్తిరించడానికి సాయం వచ్చి, చాటుగా నన్ను పిలిచి పసుపు అడిగాడు. ఎడమ మోకాలు వాచి ఉంది.

"బాయిల దుంకితె బెణికింది. దీని మీద బరువేసి మర్లొస్తలేదు. మీ అన్నకు చెప్పకు పిల్లా, ముందుగాల గీ కాలే పట్టుకుంటడు."

"నేనెందుకు చెప్త బావా?"

"అవ్, నువ్వు నోరు తెరిస్తె గద!" అని నవ్వాడు.

నిజమే, నోరు తెరవలేదు. అన్న ముందు సీతాఫలం గింజలను ఆటగాళ్లలా పేర్చాను, అంతే. మావాళ్లు ఎప్పుడూ ఒకే వరుసలో నిలబడి, కూతకు వచ్చినవాడి మీదికి ఉరికేవారు. బాపు మందలో ఒక గొర్రెను పట్టాలంటే తరమడు. చుట్టూ మనుషులను నిలిపి ఒక పక్క సందు వదులుతాడు, అది దూరగానే మూస్తాడు. నేనూ సందు వదిలాను, బావకు ఎడమ దిక్కున, బరి అంచున. అక్కడ చిక్కినవాడు కుడికి మళ్లాలంటే ఎడమ కాలు ఊనక తప్పదు. ఆ దిక్కే ఎందుకని అన్న అడగలేదు.

జాతరలో ఆడవాళ్లం బండ్ల మీద నిలబడి చూశాం. బావ సందులోకి దూరాడు. గింజలు జరిపినట్టే మనుషులు జరిగారు. ఆయన ఎడమ కాలు ఊనాడు. కూలాడు.

"పట్టిండ్రు! పట్టిండ్రు!" ఊరంతా అరిచింది. నేనూ అరిచాను. నాకంత గొంతు ఉందని అప్పటిదాకా తెలియదు.

ఆ మోకాలు మళ్లీ కుదురుకోలేదు. బావ బరిలో దిగడం మానేశాడు. ఇప్పుడు మంద వెనక కుంటుతూ నడుస్తాడు. మా ఇంటికి వస్తే, "మీ అన్న తెలివే తెలివి" అంటాడు. నేను తలవంచుకొని అన్నం వడ్డిస్తాను.

మాట తప్పలేదని ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో! కానీ నమ్మి చూపిన కాలును చూసే కదా సందు ఎటు వదలాలో తేల్చుకున్నాను? బాధ లేదా? ఆయన నడక చూసినప్పుడల్లా ఉంది. అయినా ఆ సందు మూసుకున్న క్షణం గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది, పొయ్యి ముందు కూర్చుని ఒక్కదాన్నే నవ్వుకుంటాను. ఇంకా సంతోషిస్తున్నదాన్ని, క్షమించమని ఏ మొహంతో అడగను?

అడగను. ఆ ఎత్తు మా అన్నది కాదు, నాది. ఆ మోకాలు పోయింది కూడా నా వల్లే. రెండూ ఒకేచోట రాశాను. ఇన్నేళ్లకు నిండుగా ఊపిరి తీసుకుంటున్నాను.