ప్రోనోటు వెనక పది రూపాయల చెల్లు

చిక్కపేటలో అన్నదమ్ములిద్దరి బట్టల అంగట్లో నేను పదకొండేళ్ళు లెక్కలు రాశాను. ఆ అంగడికి దేవనహళ్ళిలో పన్నెండు మగ్గాల షెడ్డు ఒకటి ఉండేది. యుద్ధం మొదలైన కొత్తలో అన్న, అంటే మా పెద్దాయన, దాన్ని అక్కడి మేస్త్రీకే అమ్మేశాడు. కొంత రొక్కం, మిగతా ఆరువేలకు ప్రోనోటు. తమ్ముడు వద్దన్నాడు. ఎవరూ వినలేదు, అంగట్లో అది మామూలే.

మొదటి ఏడు వడ్డీ వచ్చింది. తర్వాత నూలు కరువైంది, మగ్గాలు ఆగాయి, వాటితో పాటు వడ్డీ ఆగింది. సంవత్సరం లెక్కలు మూసేటప్పుడు పెద్దాయన దగ్గరకు వెళ్ళి, ఈ ఆరువేలూ వచ్చేలా లేవు, సగమైనా నష్టం కింద రాసేద్దాం, లేకపోతే లేని ఆస్తిని ఉన్నట్టు చూపించినట్టవుతుందని చెప్పాను. ఆయన తమలపాకుకు సున్నం రాసుకుంటూ విన్నాడు.

"కాగితం బతికే ఉండాది కదప్పా. దాన్ని మనమెందుకు చంపాల?"

అమ్మింది తాను. నష్టం రాయిస్తే తమ్ముడి మాటే నిజమని తన పుస్తకంలో తనే ఒప్పుకున్నట్టు. నాకది అర్థమైంది. ఆరువేలు అలాగే ఉంచి కింద గీత కొట్టాను. నా చేతిరాత గుండ్రంగా ఉంటుంది. అందులో అబద్ధం కూడా బాగానే కనబడుతుంది.

కాగితం బతకడానికీ గడువుంటుంది. మూడేళ్ళలోపు బాకీదారు ఎంతో కొంత కట్టి, ప్రోనోటు వెనక ఆ చెల్లు రాసి సంతకం పెట్టాలి. అప్పుడు మళ్ళీ మూడేళ్ళు. లేకపోతే అది పొట్లం కట్టుకోవడానికే పనికొస్తుంది. గడువు ఇంకో వారం ఉందనగా పెద్దాయన నన్ను దేవనహళ్ళి పంపాడు. చెల్లు లేకుండా తిరిగి రావద్దన్నాడు.

షెడ్డులో రెండు మగ్గాలు మిగిలాయి. మేస్త్రీ నాకు మజ్జిగ ఇచ్చి, ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"నా దగ్గర రూపాయి కూడా లేదప్పా. సంతకమంటే ఎన్నైనా పెడతా."

ఎండగా ఉంది, ఆకలిగా ఉంది, బస్సు టైమవుతోంది. ఆలోచించి చేశానని చెప్పుకోలేను. నా జేబులోంచి పది రూపాయలు తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన వాటిని తిరిగి నా చేతికే ఇచ్చాడు. పది రూపాయలు చెల్లు అని నేను రాశాను, ఆయన సంతకం పెట్టాడు. నిజానికి ఒక్క రూపాయి చాలు. ఒక్క రూపాయంటే చూడ్డానికి బాగుండదనిపించింది. అప్పుడు నా జీతం నలభై. ఆ పదీ అంగడి పెట్టెలో జమకట్టి, అది ఎవరి డబ్బో ఎవరికీ చెప్పలేదు.

మరుసటి ఏడు అన్నదమ్ములు పంచుకున్నారు. అంగడీ సరుకూ పెద్దాయనకు. ఆరువేల ప్రోనోటు, దానితో కొంచెం రొక్కం తమ్ముడికి. పెద్దాయన కావాలనే అలా పంచాడో, నేను రాసిన పుస్తకాన్ని నిజంగా నమ్మాడో, ఇప్పటికీ చెప్పలేను. తమ్ముడు పక్క సందులో చిన్న అంగడి మాట్లాడుకున్నాడు. రాబోయే రొక్కమంతా దాని అడ్వాన్సుకే పోతుంది. సరుకుకు ఆ ప్రోనోటే ఆధారం. పంపకం కాగితాల మీద సంతకం పెట్టే ముందు ప్రోనోటును తిప్పి చూసి, నా వైపు తిరిగాడు. లెక్కలు నా దగ్గరే నేర్చుకున్నవాడు, నన్నూ అన్నా అనే పిలిచేవాడు.

"పోయిన ఏడాది కూడా పది రూపాయలు కట్టినాడే. ఈ దుడ్డు వస్తాదంటావా, అన్నా?"

పెద్దాయన పక్కనే ఉన్నాడు.

"చెల్లయితే ఉండాదప్పా," అన్నాను.

అతను సంతకం పెట్టాడు. నాకు భయం వేయలేదు, బాధ కలగలేదు. సిగ్గుపడాలని తెలుసు, అదీ రాలేదు. ఆ మధ్యాహ్నం ఎప్పటిలాగే భోజనం చేశాను.

తర్వాత అతను నాలుగైదుసార్లు దేవనహళ్ళికి తిరిగాడని విన్నాను. సరుకు లేని అంగడిని ఎన్నాళ్ళు ఉంచుకోగలడు? అడ్వాన్సు వదులుకుని, వేరేవాళ్ళ అంగట్లో గుడ్డ కొలిచే పనికి చేరాడు. ఒక ఉదయం నేను లెక్కల పుస్తకం తెరుస్తుండగా వచ్చి నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. జేబులోంచి పది రూపాయలు తీసి నా పుస్తకం మీద పెట్టాడు.

"మేస్త్రీ చెప్పినాడు. ఇది నీదంట, అన్నా."

తిడతాడని చూశాను. తిట్టి ఉంటే బాగుండేది. అతను మెట్లు దిగి పనికి వెళ్ళిపోయాడు. ఆ డబ్బు తీసుకోకూడదనుకుంటూనే జేబులో పెట్టుకున్నాను. నెలాఖరు రోజులు. సాయంత్రం రేషను బియ్యానికి సరిపోయింది.