ముద్ద దిగని పిల్ల

అది 1974. తిరువూరు ఆసుపత్రిలో నేనొక్కదాన్నే లేడీ డాక్టర్ని. కాన్పులు, తేలుకాట్లు, విరేచనాలు నాకు కొట్టిన పిండి. మనసు జబ్బుల గురించి కాలేజీలో చదివింది మాత్రం పరీక్షతోనే మర్చిపోయాను.

ఆ వేసవిలో పెనుగొలను నుంచి ఒక రైతు, ఆయన భార్య ఎనిమిదేళ్ల కూతురు సుజాతను తీసుకొచ్చారు. నెల దాటినా పిల్లకు ముద్ద దిగడం లేదు. మజ్జిగ, జావ తప్ప ఏం పెట్టినా ఉమ్మేస్తోంది. గొంతు చూశాను, విజయవాడ పంపి ఎక్స్-రే తీయించాను. ఎక్కడా అడ్డం లేదు. పిల్ల మాత్రం పుల్లలా అయిపోతోంది.

"మా తోడికోడలు మందు పెట్టిందండి. రేపు కక్కించడానికి తీసుకెళ్తున్నాం," అంది తల్లి.

గిట్టనివాళ్లు అన్నంలో ఏదో కలిపారని, పసరు తాగించి కక్కించే నాటువైద్యం అది. నాకు ఒళ్లు మండింది. ఆ నీరసంలో వాంతులైతే పిల్ల దక్కదు.

"నాలుగు రోజులు ఆగండి. ఆగలేదో, నేనే వచ్చి మీ గుమ్మంలో కూర్చుంటా," అన్నాను.

మా సీనియర్ ఒకాయన విశాఖపట్నంలో సైకియాట్రిస్టు, అంటే మానసిక వైద్యుడు. పోస్టాఫీసుకు వెళ్లి ఆయనకు ట్రంక్ కాల్ చేశాను. అరిస్తేగానీ అవతలివాళ్లకు వినపడని రోజులవి. పిల్ల పేరు ఎత్తకుండా సంగతంతా చెప్పి, "మీ దగ్గరికే పంపిస్తాను సార్!" అని అరిచాను.

"వద్దు. పిచ్చాసుపత్రికి వెళ్లొచ్చిన పిల్ల అని జీవితాంతం అంటారు. నువ్వే చూడు, ఎలాగో నేను చెప్తాను. గొంతు సంగతి అడగకు. ఇంట్లో ఎవరెవరు కలిసి తింటారో అడుగు. ఆ పిల్ల చెప్పేదాకా మాట్లాడకుండా కూర్చో. నీకు అదే కష్టం," అన్నారాయన. నా నోటి దురుసు ఆయనకు బాగా తెలుసు.

తల్లిదండ్రుల్ని బయట కూర్చోబెట్టి సుజాతను అడిగాను. అమ్మ, నాన్న, తమ్ముడు అని చెప్పి ఆగింది. నేనూ నోరు బిగబట్టుకుని కూర్చున్నాను.

చాలాసేపటికి, "నాయనమ్మ కూడానండి. నేనే తినిపించేదాన్ని. తింటూ తింటూ పడిపోయింది. నేను పెద్ద ముద్ద పెట్టానండి," అని వెక్కివెక్కి ఏడ్చింది.

నెలన్నర కింద పెనుగొలను నుంచి, అన్నం తింటూ పడిపోయిందని తెచ్చిన ముసలావిడ అప్పుడు గుర్తొచ్చింది నాకు. పిల్లను దగ్గరికి తీసుకున్నాను. "మీ నాయనమ్మను ఇక్కడికి తెచ్చినప్పుడు చూసింది నేనేనమ్మా. గొంతులో మెతుకు కూడా లేదు. ఊపిరి బాగానే ఆడుతోంది. తలలో నరం చిట్లి పోయింది ఆవిడ. నీ ముద్ద వల్ల కాదు."

"నిజంగానా అండీ?"

"ఒట్టు."

మళ్లీ ఫోన్ చేస్తే సార్ ఒకటే చెప్పారు: ఎవరూ బతిమాలొద్దు, ఇంటిల్లిపాదీ కలిసి కూర్చుని ఎవరి మానాన వాళ్లు తినాలి. తోడికోడల్ని కూడా పిలవమని తల్లికి గట్టిగా చెప్పాను. మొహం ముడుచుకుంది గానీ పిలిచింది.

ఒకరోజు ఓపీలో జనం కిటకిటలాడుతుంటే తండ్రి తోసుకుంటూ వచ్చాడు. "డాక్టరమ్మగారూ! రాత్రి పప్పన్నం తిందండి. మళ్లీ పెట్టమందండి!"

అంతమంది ముందు నాకు కళ్లనీళ్లు ఆగలేదు. గుండెల మీంచి బరువు దిగిపోయింది. నెలకు పైగా ఆ పిల్లను అందరం నోరు తెరవమన్నాం. ఏమైందమ్మా అని ఒక్కరం కూడా అడగలేదు. ఆ తర్వాత ఏ పిల్ల వచ్చినా, స్టెతస్కోపు పెట్టేముందు ఆ మాట అడిగాను.