వీధి అరుగు మీద మంచం

ఆఖరి రోజుల్లో మా ఆయనకి ఒక్కటే కోరిక, వీధి అరుగు మీద మంచం వేయమని. వినడానికి ఎంత చిన్న కోరిక! మా వైపు అది తీర్చడమంటే మాటలు కాదు. మనిషి ఇక దక్కడని తేలిపోయాకే, ప్రాణం ఇంట్లో పోకూడదని, మంచం అరుగు మీదకి తెస్తారు. అది కనబడిందా, వీధి వీధంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చేస్తుంది.

కడియంలో మాకు చిన్న నర్సరీ ఉంది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన ఇంటిపట్టున కూర్చోగా నేను చూడలేదు. మొక్కలకి అంట్లు కట్టడం, వాటిని లారీలకెత్తించడం, దారినపోయే ప్రతివాళ్లతోనూ కబుర్లు. ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ ముదిరిపోయింది, ఇక ఇంటి దగ్గరే చూసుకోండని రాజమండ్రి ఆసుపత్రిలో చెప్పాక మధ్యగదిలో పడుకోబెట్టాం. వారానికోసారి ఒక సిస్టర్ గారు ఇంటికొచ్చి చూసి, నొప్పికి మాత్రలిచ్చి వెళ్లేవారు. నొప్పయితే తగ్గింది. ఆ గదిలో ఉండలేకపోవడమే ఆయనకి పెద్ద బాధ.

"ఏమే, కాస్త బయట పడుకోబెట్టవే. గాలాడక చచ్చిపోతున్నాను."

"ఆ మాట నోట రానివ్వకండి!" అని కసిరేదాన్ని. ఆయన అక్క, మా వదినగారు, నాకంటే గట్టి మనిషి. "నా తమ్ముణ్ణి ప్రాణంతో ఉండగానే అరుగెక్కిస్తారా? నేనొప్పుకోను" అని గుమ్మానికడ్డంగా కూర్చున్నారు.

ఒకరోజు ఆయాసం బాగా ఎక్కువైంది. సిస్టర్ గారు చూసి, "ముఖానికి గాలి తగిలితే కాస్త తేలికపడతారండి. బయట పడుకోబెట్టడానికి అడ్డం ఏంటండీ?" అన్నారు. మంచం బయట వేస్తే ఆయన నిజంగానే వెళ్లిపోతారని నా భయం. ఆయన నా వంక చూశారు. "పట్టండి సిస్టర్!" అని మంచానికి ఓ పక్క నేనే చెయ్యేశాను. గుమ్మంలో ఉన్న వదినగారు గొణుక్కుంటూనే పక్కకి తప్పుకున్నారు.

దిండు ఇంకా సర్దనేలేదు, ఎదురింటి పిన్నిగారు "అయ్యో నాయనోయ్, ఎంత పని జరిగిపోయిందీ!" అని గుండెలు బాదుకుంటూ వచ్చిపడ్డారు. ఆయన కళ్లు తెరిచి, "ఇంకా టైముంది లెండి పిన్నిగారూ. వచ్చారుగా, కాస్త మజ్జిగ తాగి వెళ్లండి" అన్నారు. అంత పట్టుపట్టిన మా వదినగారే పక్కున నవ్వేశారు.

ఇక ఆ అరుగే ఆయన కచేరీ అయిపోయింది. లారీ డ్రైవర్లు ఆగి పలకరించేవారు. మొక్కలకి నీళ్లెక్కువ పోస్తున్నారని పనివాళ్ల మీద మంచం మీంచే కేకలు. అవి కేకలూ కావు, గొంతు గుసగుసలోకి దిగిపోయింది. అయినా అదే దర్జా! వీధికి కూడా ఆ మంచం అలవాటైపోయింది. నాకే ఆయన మిగల్లేదు. అందరితోనూ మాట్లాడేసి, నేను పనులన్నీ తెముల్చుకుని పక్కన చేరేసరికి అలిసిపోయి కళ్లు మూసుకునేవారు. నాకు ఉక్రోషంగా ఉండేది. కాసేపు, ఎవరూ లేకుండా, ఆయన్ని నాకు వదిలేస్తే ఏం పోయింది వీళ్లకి? ఇప్పుడు ఆ అరుగు ఊడుస్తుంటే ఆ గుసగుస కోసం ప్రాణం కొట్టుకుపోతుంది. నన్ను కసిరినా చాలు.

ఓ పొద్దున్న వాకిట్లో ముగ్గు వేసి వెనక్కి తిరిగాను. ఆయన వెళ్లిపోయారు. ముఖం వీధివైపే ఉంది. ఒళ్లింకా వెచ్చగానే ఉంది. అరవాలి, వదినగారిని లేపాలి. అరిచానంటే ఊరంతా వచ్చి ఆయన్ని తీసేసుకుంటుంది.

నర్సరీ పనికి వెళుతున్న ఒకావిడ మెట్ల దగ్గర ఆగింది. "అయ్యగారికి ఎలా ఉందండీ ఈ వేళ?"

దుప్పటి ఆయన గుండెల దాకా లాగాను. "ఇప్పుడే నిద్రపట్టిందమ్మా, లేపకు" అన్నాను.

ఆవిడ చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోయింది. నేను మంచం పట్టె మీద కూర్చుని ఆయన చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను.