వెచ్చటి అరుగు

నేను గురజాలకి కాపురానికొచ్చేసరికి మా పెరడంతా సుద్దరాళ్లే. తోటకూర చల్లితే జానెడు లేవకముందే పసుపుబారి ఎండిపోయేది. ఆకుకూర లేనిదే నాకు ముద్ద దిగదు. చివరికి బ్లాకు ఆఫీసు నుంచి వచ్చే గ్రామసేవకుడు చెప్పినట్టు ఎరువు కోసం గొయ్యి తీయించి, పేడ, కసువు, రాలిన ఆకులు నేలకంటే మూరెడు ఎత్తుదాకా నింపించాను. పైన మట్టి మెత్తి నున్నగా అలికితే అచ్చం అరుగులాగే తయారైంది.

ఆ క్రిస్మస్‌కి సత్తెనపల్లి నుంచి మా అత్తగారి అన్నయ్య వచ్చారు. మహా శుభ్రం మనిషి. ఎవరిచ్చిన గ్లాసైనా మళ్లీ కడుక్కుని గాని నీళ్లు తాగరు. పొద్దున్నే చలికి వణుకుతూ పెరట్లోకొచ్చి సరాసరి దానిమీదే కూర్చున్నారు.

"ఏమే చెల్లే, ఈ అరుగు చానా వెచ్చగా ఉందే! కింద పొయ్యి పెట్టారా ఏంది?"

లోపల చెత్త కుళ్లి కాగుతోందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మా అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరిగెత్తారు. ఉన్నన్నాళ్లూ ఆయన కాఫీ, బైబిలు, కునుకు అన్నీ అక్కడే.

తొలకరికి ఆ ఎరువంతా తీసి మళ్లలో కలిపాం. తోటకూర మోకాలెత్తు లేచింది. మళ్లీ వచ్చినప్పుడు ఆయన తోటకూర పులుసు మారు వడ్డించుకుంటూ, "అరుగు పడగొట్టారే, ఏమైంది?" అన్నారు.

"నువ్వు తింటున్నావుగా అన్నయ్యా!" అని మా అత్తగారు ఉన్నదంతా చెప్పేశారు.

ఆయన ముద్ద నోటిదాకా తెచ్చి ఆగారు. కాసేపు ఆలోచించి తినేశారు. వెళ్లేటప్పుడు గొయ్యి ఎంత లోతు తీయాలో అడిగి మరీ బస్సెక్కారు.